మే నెలలో ఎక్కడుండాలి?

కిందటి డిసెంబర్లో విశాఖలోని మా కాలేజీ సెమినార్ హాల్లో ఒక అవగాహన సదస్సు పెట్టారు. బయోమెడికల్ పరిశోధనలో కెరీర్ల గురించి. వచ్చిన వక్త బాగా చదువుకున్నాయన, మంచివాడు, మాట కూడా బాగుంది. గంటసేపు కల గురించి, కసి గురించి, లోపల మండాల్సిన నిప్పు గురించి చెప్పారు. చివర్లో ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నారు. సెకండియర్ మైక్రోబయాలజీ అమ్మాయి ఒకతి లేచి నిలబడింది. ఏడాదిన్నరగా పాఠం చెబుతున్నా, హాజరు పలకడానికి తప్ప ఆ పిల్ల గొంతు నేను విన్నది లేదు.

"సార్, మే నెలలో ఎక్కడుండాలి?"

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎక్కడైనా ఉండొచ్చమ్మా! బెంగళూరు ఐఐఎస్సీలో ఉండొచ్చు, హైదరాబాద్ సీసీఎంబీలో ఉండొచ్చు. నీ కల ఎంత పెద్దదైతే అంత పెద్ద ల్యాబ్!" హాలంతా చప్పట్లు. పిల్ల కూర్చుంది.

ఆమె అడిగింది అది కాదు. వేసవి సెలవులివ్వగానే తానుండే సంక్షేమ హాస్టల్‌కి తాళం వేస్తారు. దేశంలో సమ్మర్ ప్రాజెక్టులన్నీ సరిగ్గా ఆ తాళం పడివున్న రోజుల్లోనే జరుగుతాయి. అప్పుడు పడుకోవడానికి చోటెక్కడ అని అడిగింది. ఆ హాల్లో ఆ ప్రశ్న అర్థమైంది వెనక వరసల్లోని హాస్టల్ పిల్లలకి, నాకు. అయినా నేనూ చప్పట్లు కొట్టాను. అందరూ కొడుతున్నారు కదా అని.

ఆ చప్పట్లు ఎందుకు కొట్టానా అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఒక అభిప్రాయానికి వచ్చాను. మా పిల్లల్ని పరిశోధన వైపు పంపించాలంటే ముందుగా కావలసింది నిప్పూ కాదు, స్ఫూర్తీ కాదు. వేసవిలో ఒక మంచం, మొదటి రోజే చేతిలో పడే డబ్బు. మిగతావన్నీ ఆ తర్వాత. ఇది వినడానికి చాలా చిన్న మాటలా ఉంటుందని తెలుసు. నాకూ మొదట అలాగే అనిపించింది.

జాబితాలో మా క్లాసు

ఈ విషయం మీద అమెరికావాళ్లు చాలా కాలంగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్ల జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్, పరిశోధనలో ఎవరి వాటా తక్కువగా ఉందో చెప్పే నిర్వచనాన్ని 2019లో తిరగరాసింది. జాతి, వైకల్యం మాత్రమే కాదు, తల్లిదండ్రుల్లో డిగ్రీ చదివినవాళ్లు లేకపోవడం, పల్లెటూళ్లో పెరగడం, ప్రభుత్వ సాయంతో చదువుకోవడం లాంటివి కూడా అందులో చేర్చారు. చదువుతుంటే మా రెండో సంవత్సరం అటెండెన్స్ రిజిస్టర్ చదువుతున్నట్టే ఉంది. ఒక్కో పేరు పక్కన మూడేసి నాలుగేసి టిక్కులు పెట్టొచ్చు.

అక్కడ మార్క్ అని ఒక కార్యక్రమం ఉండేది. డిగ్రీ చివరి రెండేళ్లూ విద్యార్థికి నెలనెలా స్టైపెండ్ ఇచ్చి ల్యాబులో కూర్చోబెట్టేవారు. 2025లో దాన్ని ఆపేశారు. అక్కడి రాజకీయాలు అక్కడివి, వాటి జోలికి పోను. నాకు ఎక్కువ పనికొచ్చింది మేరీల్యాండ్‌లోని మేయర్‌హాఫ్ కార్యక్రమం. ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ అనే గణితం ప్రొఫెసర్, మేయర్‌హాఫ్ దంపతుల డబ్బుతో 1988లో ఒక యూనివర్సిటీలో మొదలుపెట్టారు. అప్పట్లో ఎన్‌ఐహెచ్‌లో ఉండి మోడెర్నా కోవిడ్ టీకా వెనక పనిచేసిన శాస్త్రవేత్త కిజ్మెకియా కార్బెట్ అక్కడి విద్యార్థినే. ఇందులో చేరినవాళ్లని, సీటు వచ్చినా చేరకుండా వేరేచోట చదువుకున్నవాళ్లతో పోల్చి చూస్తే, చేరినవాళ్లు పీహెచ్‌డీ వైపు వెళ్లడం దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరికీ సీటొచ్చింది. తేడా ఆ తర్వాత జరిగిన దాంట్లో ఉంది.

ఏం జరిగింది? చాలా జరిగింది. జట్లుగా చదివించారు, తొందరగా ల్యాబుల్లోకి పంపారు, వెంటపడి అడిగారు. నా కళ్లు మాత్రం ఒక చిన్న వివరం మీద ఆగిపోయాయి. ఫస్టియర్ మొదలవకముందే, ఆ ముందు వేసవిలోనే పిల్లల్ని క్యాంపస్‌కి రప్పించి ఆరు వారాలు అక్కడే ఉంచుతారు. మన దగ్గర తాళం వేసే కాలంలో వాళ్లు తలుపు తీస్తున్నారు.

మరి మనకేమీ లేవా అంటే, ఉన్నాయి. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 1979 నుంచి ఎస్‌టీఎస్ పేరుతో విద్యార్థులకి చిన్న పరిశోధన ప్రాజెక్టులిస్తోంది. చక్కటి పథకం. కానీ అది మెడికల్, డెంటల్ లాంటి వైద్య కోర్సులవాళ్లకి. బీఎస్సీ పిల్లలకి వర్తించదు. కేంద్ర ప్రభుత్వం సైన్స్ డిగ్రీ పిల్లలకిచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 20,000 వేసవి ప్రాజెక్టు కోసమే. అది ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో ఉన్నవాళ్లకి. మన రాష్ట్రంలో ఆ ఒక శాతం ఏ కార్పొరేట్ కాలేజీల్లో తయారవుతుందో, వాళ్లలో ఎంతమంది బీఎస్సీలో చేరతారో మీకు నేను చెప్పాలా? సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఒక్కటే మా పిల్లలకి కాస్త అందేంత దూరంలో ఉంది. దానికి కూడా ఒక సిఫారసు లేఖ కావాలి. ఆ లేఖ సంగతి తర్వాత చెబుతాను, అందులో నా తప్పు ఉంది.

వేసవి అంటే సీజన్

మనకి వేసవి అంటే సెలవు. ఏజెన్సీ కొండల్లోని కొయ్యూరు నుంచో జి.మాడుగుల నుంచో వచ్చిన పిల్లకి వేసవి అంటే సీజన్. చింతపండు, అడ్డాకులు అయ్యాక జీడిపిక్కలు. ఉపాధి హామీ పనులు జోరుగా నడిచేదీ అప్పుడే. 2025-26లో ఆ కూలి మన రాష్ట్రంలో రోజుకి 307 రూపాయలు. రెండు నెలల్లో నలభై పనిదినాలు దొరికాయనుకున్నా పన్నెండు వేలు దాటుతుంది. సమ్మర్ ప్రాజెక్టు ఉచితంగా చేయమనడమంటే, ఆ పన్నెండు వేలు వదులుకుని, పైగా తిండికీ గదికీ ఎదురు పెట్టుకోమనడం.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయి ఒకతికి హైదరాబాద్‌లో ఒక సంస్థలో ప్రాజెక్టు వచ్చింది. పేరు అనవసరం. స్టైపెండ్ ఉంది. స్వీట్లు పంచుకున్నాం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ కూడా తీశాం. బయల్దేరే ముందు రోజు "ఒంట్లో బాలేదు మేడమ్, వెళ్లలేను" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ సంస్థ నుంచి మెయిలొచ్చింది, మీ కాలేజీ విద్యార్థులు అవకాశాన్ని సీరియస్‌గా తీసుకోవడం లేదని. నేను ఆ మెయిల్ ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించాను. అవును, నేనే అంటించాను.

ఏడాది తర్వాత కాన్వొకేషన్ రోజు ఆ పిల్ల చెప్పింది. స్టైపెండ్ ఇచ్చేది ప్రాజెక్టు రిపోర్టు అప్పగించాకనట. హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్స్ మాత్రం చేరిన రోజే కట్టాలి. ఏడు వేలు. వాళ్ల నాన్న ఇద్దరిని అడిగాడు, దొరకలేదు. "మరి నన్నెందుకు అడగలేదే?" అన్నాను. "మీరు టికెట్ తీశారు కదా మేడమ్, ఇంకా ఏం అడుగుతాం" అంది.

స్టైపెండ్ ఉంది, కాబట్టి పేదపిల్లలకి తలుపు తెరిచే ఉంది అని ఆ సంస్థవాళ్లు మనస్ఫూర్తిగా నమ్మి ఉంటారు. డబ్బు ఉండటం వేరు, కావలసిన రోజున ఉండటం వేరు. చివర్లో ఇచ్చే స్టైపెండ్, ముందు అప్పు పుట్టగలిగినవాడికే స్టైపెండ్.

లెటర్లో ఏం రాయాలి

మా కెమిస్ట్రీ మాస్టారు ఇదంతా విని ఒప్పుకోలేదు. "డబ్బు కాదమ్మా సమస్య. వీళ్లకి తెలియదు. ఏ ల్యాబుకి ఎలా రాయాలో, ఎప్పుడు రాయాలో చెప్పేవాళ్లు లేరు" అన్నారు. నిజమే. ఒకబ్బాయి నలభై మంది శాస్త్రవేత్తలకి ఒకే మెయిల్ పెట్టాడు, నలభై అడ్రసులూ పైన అందరికీ కనపడేలా. మెయిల్ నిండా "రెస్పెక్టెడ్ సర్", వాళ్లలో పదిహేనుమంది ఆడవాళ్లు. ఒక్కావిడ మాత్రం జవాబిచ్చారు, తప్పేమిటో ఓపిగ్గా వివరిస్తూ. ఆవిడకి మనసులో దండం పెట్టుకున్నాను.

సిఫారసు లేఖల దగ్గర తెలియనిది పిల్లలకి కాదు, నాకు. "ఈ విద్యార్థి నాకు మూడేళ్లుగా తెలుసు, నడవడిక బాగుంటుంది, భవిష్యత్తులో విజయం సాధించాలని కోరుకుంటున్నాను" అని పదకొండేళ్లపాటు ఒకటే లేఖ రాశాను, పేరు మార్చి. నా దృష్టిలో అది కాండక్ట్ సర్టిఫికెట్‌కి చెల్లెలు. ఒకసారి ఎంపిక కమిటీలో పనిచేసిన స్నేహితురాలు చెబితే తెలిసింది, అలాంటి లేఖ వస్తే అప్లికేషన్ పక్కన పడేసినట్టేనని. ఈ పిల్ల ఏ ప్రశ్న అడిగింది, ప్రయోగం పాడైనప్పుడు ఏం చేసింది అని రాయాలట. రాద్దామని కూర్చుంటే, ఆ పిల్ల ప్రయోగం పాడవగా నేను చూసిందే లేదు. మన ప్రాక్టికల్స్‌లో ఏదీ పాడవదు కదా! బల్ల మీద పెట్టిన నమూనాలు, అదే స్పాటర్లు, గుర్తుపట్టడం, సీనియర్ రికార్డు చూసి విలువలు ఎక్కించడం, సంతకం. మైక్రోపిపెట్లు రెండున్నాయి, బీరువాలో భద్రంగా. 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియం చేశాక రికార్డు కాపీ కొట్టడం ఇంకా పెరిగింది. సొంతంగా ఒక వాక్యం రాస్తే తప్పు వస్తుందేమోనని భయం.

కాబట్టి మాస్టారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. తెలియడం ముఖ్యం. కానీ ఆ తెలియడం గంట సదస్సులో రాదు. ఇంకొకరి పక్కన నిలబడి రెండు నెలలు పనిచేస్తే వస్తుంది. ఆ రెండు నెలలు ఎక్కడ నిలబడాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి? మళ్లీ అక్కడికే వస్తాం.

ఇంకో విషయం నన్ను తొలుస్తుంటుంది. ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు సమస్య గురించి తెలిసిందే. 2023లో జాతీయ మిషన్ మొదలైంది, నలభై ఏళ్లలోపు వాళ్లని ఏడు కోట్లమందిని పరీక్షించాలని లక్ష్యం. మా క్లాసులో ఒకమ్మాయి తమ్ముడికి ఆ జబ్బుంది. ఇంటర్వ్యూలో "ఎందుకు పరిశోధన?" అని అడిగితే ఆ పిల్ల దేశసేవ అని చెప్పి వచ్చింది. తమ్ముడి సంగతి చెప్పి ఉంటే సీటొచ్చేదేమో అన్నాను. "అది మా ఇంటి విషయం మేడమ్" అంది. నాకు నోట మాట రాలేదు. రక్తం శాంపిళ్లు కొండల మీద తీస్తారు, వాటి మీద పేపర్లు మైదానంలో రాస్తారు. ఆ పేపర్లు రాసేవాళ్లలో కొండపిల్లలు ఉండాలని గట్టిగా నమ్ముతాను. ఉంటే అడిగే ప్రశ్నలు కూడా మారతాయి. అలాగని ఇంట్లోని బాధని అప్లికేషన్ ఫారంలో పరిచి చూపిస్తేనే సీటు అంటే? నగరం పిల్లల్ని మనం అలా అడగం. వాళ్లకి ఆసక్తి ఉంటే చాలు. మా పిల్లలకి కూడా ఉత్త ఆసక్తి సరిపోకూడదా?

సుబ్బారావు గారి కథ

ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా మనవాళ్లు యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకొస్తారు. భీమవరంలో పుట్టారు, ఖద్దరు వేసుకున్నందుకు ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు, బోస్టన్ వెళ్లి ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ చదివి ఇంతవాడయ్యారు, కసి ఉంటే డబ్బు అడ్డం కాదు అని. ఆయన పని మీద నాకెంత గౌరవమో చెప్పలేను. ఫాస్ఫరస్ అంచనా వేసే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది, దాన్ని నేను ఇప్పటికీ పాఠంగా చెబుతాను. ఆయన బృందం నుంచి వచ్చిన డీఈసీ మాత్రలు బోదకాలుకి మన ఉత్తరాంధ్రలో ఇంటింటికీ మింగించారు.

కానీ ఆ కథలో ఒక వాక్యాన్ని ఎప్పుడూ తొందరగా దాటేస్తారు. 1922లో ఆయన ఓడెక్కడానికి డబ్బు మామగారు సర్దారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయానికి మాటిచ్చింది. కసి ఆయనది, టికెట్ ఇంకొకరిది. మామగారు అంత సర్దగలిగినవాడు కాకపోయి ఉంటే ఆ కసి ఏమయ్యేదో నాకు తెలియదు కానీ, అలాంటి కసులు ఎన్నో ఏమవుతున్నాయో ప్రతి ఏప్రిల్లో చూస్తున్నాను.

అసలు పిలవడం న్యాయమేనా?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదీ. పరవాడ ఫార్మా సిటీలో మా పాత విద్యార్థులు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకడు నేను చదువు చెప్పిన పాతికమంది తెలివైనవాళ్లలో ఒకడు. క్వాలిటీ కంట్రోల్‌లో షిఫ్టులు, పద్దెనిమిది వేలు. ఆ డబ్బుతో చెల్లెల్ని బీఈడీ చదివిస్తున్నాడు. పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఇచ్చే జేఆర్‌ఎఫ్ పరీక్ష రాయరా, 2023 నుంచి నెలకి 37,000 అయింది అని చెప్పాను. వాడు వేలు మడిచి లెక్కేశాడు. "ఎమ్మెస్సీ రెండేళ్లు, ప్రిపరేషన్ ఒక ఏడాది, పీహెచ్‌డీ ఐదేళ్లు. ఫెలోషిప్ నెలనెలా పడుతుందా మేడమ్?"

అబద్ధం చెప్పలేకపోయాను. నా పీహెచ్‌డీలో ఒకసారి ఎనిమిది నెలలు ఫెలోషిప్ రాలేదు. నా చేతిగాజులు తాకట్టులోకి వెళ్లాయి. నాకు గాజులున్నాయి కాబట్టి సరిపోయింది. పోనీ ఇంత చేసి పీహెచ్‌డీ అయ్యాక? పోస్టులెన్ని ఉన్నాయి? అమెరికాలోనే, ఇన్ని కార్యక్రమాలు నడిపిన తర్వాత కూడా, నల్లజాతి శాస్త్రవేత్తల దరఖాస్తులకి ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు దక్కే అవకాశం పది శాతం పాయింట్లు తక్కువని 2011లో తేలింది, చదువు, అనుభవం, ప్రచురణలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా. తలుపు దాటించి వదిలేస్తే సరిపోదు, లోపల ఇంకో తలుపుంటుంది.

అందుకే పిల్లల్ని పట్టుకుని "సైంటిస్టు అవ్వాల్సిందే" అనడం మానేశాను. ఫార్మా సిటీకి వెళ్లినవాడు ఓడిపోయినట్టు మాట్లాడటం కూడా మానేశాను. ఇప్పుడు నా కోరిక చాలా తక్కువ. ఒద్దనుకునేవాడు చూసి ఒద్దనుకోవాలి. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచి ఇక్కడుంది, ఆంధ్రా యూనివర్సిటీ 1926 నుంచి. అగనంపూడిలో టాటా వాళ్ల కేన్సర్ ఆసుపత్రి, పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. మా పిల్లల్లో చాలామంది కేజీహెచ్ ఓపీ క్యూలో నిలబడ్డవాళ్లే. పైన ల్యాబులో ఏం జరుగుతుందో ఒక్కసారైనా చూసినవాళ్లు తక్కువ.

మాస్టారు దీనికీ ఒక మాట అన్నారు. డబ్బిస్తే డబ్బు కోసం వస్తారు అని. "రానివ్వండి మాస్టారూ, మనం ఒకటో తారీఖు కోసం రావడం లేదా?" అన్నాను. నవ్వారు. తర్వాత నెమ్మదిగా, "పదిమందికి ఇస్తే ఇద్దరు నిలబడతారు, ఎనిమిదిమందికి ఇచ్చింది వృథా కదా?" అన్నారు. ఎంబీబీఎస్ పిల్లలకి ఎస్‌టీఎస్ ఇచ్చినప్పుడు, వాళ్లలో ఎంతమంది శాస్త్రవేత్తలయ్యారని ఎవరూ నిలదీయగా నేను వినలేదు. మా పిల్లల దగ్గరికి వచ్చేసరికే ఈ లెక్క గుర్తొస్తుంది. అయినా ఆయన ప్రశ్న పూర్తిగా పోలేదు. డబ్బు మా జేబుల్లోంచి వచ్చింది మరి.

గెడ్డ నీళ్లు

ఈ వేసవిలో ఒక ప్రయత్నం చేశాం. మన డిగ్రీలో ఎలాగూ ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలాచోట్ల అది ఒక సర్టిఫికెట్ తెచ్చుకునే తంతుగా మారిపోయింది. దాన్నే వాడుకుందామనుకున్నాం. పెదవాల్తేరులో మా సహోద్యోగి ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉంది. ముగ్గురు అమ్మాయిలు. ఐదుగురు టీచర్లం, ఇద్దరు పాత విద్యార్థులు కలిసి వేసుకున్న డబ్బుతో ఒక్కొక్కరికి నెలకి ఎనిమిది వేలు, చేరిన రోజు పొద్దున్నే. డిసెంబర్లో ప్రశ్న అడిగిన పిల్ల కూడా వాళ్లలో ఉంది. డబ్బు అందుకున్న గంటలోపే సగం ఇంటికి పంపేసింది. నాకు కాస్త కోపమొచ్చింది. తిండి మీద ఖర్చు పెట్టుకోవాలి కదా అని. తర్వాత, నా జీతం నేను ఎవరికి పంపానో ఎవరైనా అడిగారా అనిపించి ఊరుకున్నాను.

పని పెద్దదేం కాదు. వాళ్ల ఊళ్ల గెడ్డల, అంటే వాగుల, నీళ్లు తెచ్చి కోలిఫాం బ్యాక్టీరియాని లెక్కించడం. లాక్టోజ్ బ్రాత్ గొట్టాల్లో నీళ్లు కలిపి, 24 గంటలకీ 48 గంటలకీ లోపలి చిన్న గొట్టంలో గ్యాస్ పట్టిందా అని చూడాలి. మొదటిసారే కంట్రోల్ గొట్టంలో కూడా గ్యాస్ వచ్చేసింది. శుభ్రమైన నీళ్లున్న గొట్టంలో! ఆ పిల్ల మొహం పాలిపోయింది. "రికార్డులో రాయనా మేడమ్, వదిలేయనా?" అని అడిగింది. రాయమన్నాను. మూడేళ్లలో మా కాలేజీ రికార్డుల్లోకి ఎక్కిన మొదటి తప్పు విలువ బహుశా అదే.

తర్వాత మూడు రోజులు ముగ్గురూ కలిసి కారణం వెతికారు. పిపెట్లు మార్చారు, నీళ్లు మార్చారు, ఒకరి మీద ఒకరు అలిగారు. చివరికి గొట్టాల్లో సూక్ష్మజీవుల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ముల్లు చూస్తూ ఉంటే తెలిసింది, ప్రెజర్ పదిహేను పౌండ్లకి ఎక్కడం లేదు. మూత కింద రబ్బరు చిట్లిపోయింది. ఎన్ని బ్యాచ్‌లు ఆ ఆటోక్లేవ్‌తో ప్రాక్టికల్ పరీక్ష పాసయ్యాయో! ఇప్పుడు నాకు సిఫారసు లేఖలో రాయడానికి ఒక పేజీ ఉంది.

ముగ్గురిలో ఒకమ్మాయి మూడు వారాలకే వెళ్లిపోయింది. వాళ్ల నాయనమ్మకి బాలేదు. మళ్లీ రాలేదు. ఒకమ్మాయి చివరిదాకా ఉంది, ఇదంతా తనకి పడదని తేల్చుకుంది. బీఈడీ చేస్తుందట.

మూడో పిల్ల వాళ్లమ్మ జూన్ మొదట్లో ఫోన్ చేసింది. సిగ్నల్ తెగిపోతూ ఉంది.

"మేడమ్, మా పిల్లకి జీతమిస్తన్నారంట కదా. పని బాగా చేస్తందా?"

చేస్తోందమ్మా అన్నాను.

"రాత్రిపూట కూడా ఎల్లి చూసుకోవాలంట, ఆ గొట్టాలేవో."

అవునమ్మా, టైమ్ ప్రకారం చూడాలి, పక్కనే గది, తోడుగా ఇంకో అమ్మాయి ఉంటుంది అన్నాను.

"అయితే ఈ డ్యూటీ ఎన్నాళ్లుంటాది మేడమ్?"